సుంకులమ్మ దివసాల నాడు

మద్దిలేటి రాసుకున్న మాటలన్నీ కుదిరాయి, ఆఖరి వాక్యం ఒక్కటే కుదరలేదు.

మర్నాడు అతని అక్క సుంకులమ్మ దివసాలు, పెద్దకర్మ. షామియానా వేస్తారు, మైకు పెడతారు, నాలుగూళ్ళ నుంచి బంధువులు వస్తారు. పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మద్దిలేటి వంతు. అతనికి అదేమీ కొత్త కాదు. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో దివసాలు జరిగినా మైకు పట్టుకునేది అతనే. వంటవాళ్ళ కంటే ముందు అతన్ని మాట్లాడుకునేవాళ్ళు. మద్దిలేటి నోరు తెరిస్తే రాళ్ళు కూడా కరుగుతాయని పేరు.

చచ్చినవాని కండ్లు చారెడు అని పెద్దలు ఊరికే అనలేదు. తాగి పెండ్లాన్ని తన్నినవాడు సైతం మద్దిలేటి నోట్లో పడితే ధర్మరాజు అయ్యేవాడు. ఊరందరితో తగువు పెట్టుకున్నవాడు ముక్కుసూటి మనిషి అయ్యేవాడు. ఆడవాళ్ళయితే అతనికి ఇంకా సులువు. ఎవరి తల్లి పోయినా, ఎవరి భార్య పోయినా, ఒకటే మాట సిద్ధంగా ఉండేది. భూదేవంత ఓర్పు. ఆ మాట వినగానే ముందు వరసలో మగవాళ్ళు తలలూపేవాళ్ళు. వెనక కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆ కొంగుల వెనక ఏముందో మద్దిలేటి ఏనాడూ ఆలోచించలేదు.

ఇప్పుడు పోయింది సొంత అక్క. తల్లి లేని తనను చంకనేసుకుని పెంచిన అక్క. నలభై దాటీ దాటకుండానే పోయింది. ఆమె పోయిన తీరు చెబితే ఎవరికైనా కడుపు మండుతుంది.

ఎదలో నొప్పి అంటే ఇంట్లోవాళ్ళు గ్యాసు అన్నారు. సోడా తాగమన్నారు. వాము నమలమన్నారు. మంచంలో ఉన్న అత్తకు, మొగునికి, ఇద్దరు మరుదుల సంసారాలకు, చేనికొచ్చే కూలీలకు ఆ నొప్పితోనే మూడు పూటలా వండింది. ఆమె మొగుడు రామాంజులుకు ట్రాక్టరు ఇంజను చప్పుడు రవ్వంత మారితే నిద్రలో కూడా తెలుస్తుంది. పక్కన పండుకున్న పెండ్లాం మూలుగు మాత్రం ఏడాది పాటు తెలియలేదు. ఒకరోజు పొద్దున సంగటి కెలుకుతూ పొయ్యి ముందరే ఒరిగిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోలేదా అంటే, పోయారు. ప్రాణం పోయాక తీసుకుపోయారు.

అంత జరిగితే తమ్మునికి కోపం లేదా? ఉంది. కానీ దివసాల నాడు మంచి మాటలే చెప్పాలని లోకం ఒక నియమం పెట్టుకుంది కదా. ఆ నియమం చచ్చినవాళ్ళ కంటే చంపినవాళ్ళకే ఎక్కువ పనికొస్తుందని ఎవరూ పైకి అనరు. మద్దిలేటి కోపాన్ని మింగాడు. మింగి, అక్క మీద మూడు పేజీలు రాశాడు.

బావ రామాంజులు మధ్యలో ఒక మాట చెప్పి పోయాడు.

"మద్దిలేటీ, మా అమ్మ నోట్లో నీళ్ళు పోసే దిక్కు లేదు. మా పాపను ఇంగ కాలేజీ మాన్పిస్తాండా. నేను చెప్తే ఏడుస్తాది. మేనమామవు నువ్వు చెప్తే వింటాది. వాళ్ళమ్మ ఓర్పంతా బిడ్డకు వచ్చిందని నలుగురిలో మైకులో అను. నలుగురిలో అన్నాక ఇంగ కాదనలేదు."

ఆ పాప పేరు శశికళ. పట్నంలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. మద్దిలేటి కొంచెం ఆలోచించాడు. ఆ ఇంటికీ ఒక మనిషి కావాలి కదా అనుకున్నాడు. సరేలే బావా అన్నాడు.

ఆ వాక్యమే ఇప్పుడు కుదరడం లేదు. ఎన్నిసార్లు రాసినా ఎక్కడో తడబడుతోంది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని గుట్ట ఎక్కాడు.

గుట్ట మీద దస్తగిరి తాత ఉంటాడు. ఒక రేకుల కొట్టం, దాని మీద పచ్చ జెండా, ముందర మూడు రాళ్ళ పొయ్యి, అంతే ఆయన ఆశ్రమం. ఆయన ఫకీరు. తురకలూ వస్తారు, హిందువులూ వస్తారు. తత్వాలు పాడి నేర్పుతాడు. మద్దిలేటికి గొంతు ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దించాలో తెలిసింది ఆయన దగ్గరే. తాత ఎవరికీ ఉపన్యాసం చెప్పినట్టు చూసినవాళ్ళు లేరు. ఏదైనా అడిగితే పాలు లేని టీ కాచి ఇస్తాడు. జవాబు దొరికిందని కొందరంటారు, టీ మాత్రం బాగుంటుందని కొందరంటారు.

మద్దిలేటి వెళ్ళేసరికి ఆయన పొయ్యి ముందే ఉన్నాడు. గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నాయి.

"తాతా, అక్క కోసం రాసుకున్నా. చదువుతా, విను. ఆఖరి మాట ఒకటి సరిచేసి పెట్టల్ల."

"చదువప్పా."

మద్దిలేటి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఎదురుగా వెయ్యిమంది ఉన్నట్టే చదివాడు.

"మా అక్క సుంకులమ్మ ఎన్నడూ మాట తూలి ఎరుగదు. ఆకలి అని ఎరుగదు, అలసట అని ఎరుగదు. ఎంత కష్టమొచ్చినా కంట నీరు పెట్టి ఎరుగదు. ఎదలో నొప్పి ఉన్నా చిరునవ్వుతో వడ్డించిన అన్నపూర్ణ. భూదేవంత ఓర్పు..."

"మొన్న కాశమ్మ దివసాల్లో గూడ ఇదే చెప్పినావు గదా?" అన్నాడు తాత, గిన్నెలో టీపొడి వేస్తూ.

"కాశమ్మది గూడ ఓర్పే గదా తాతా."

"అంతకు ముందు పై ఈది పెద్దక్కకు?"

"ఆయమ్మ మాత్రం? మొగుడు ఎన్ని చేసినా..."

"ఊఁ. చదువు."

మద్దిలేటి చదివాడు. మూడో పేజీ దాకా వచ్చాడు.

"ఆ ఓర్పు మట్టిలో కలిసిపోలేదు. బిడ్డ శశికళ రూపంలో ఆ ఇంట్లోనే..." అని ఆగాడు. "ఈడనే తాతా చిక్కు. ఆ ఇంట్లోనే వెలుగుతుంది అనాల్నా, నిలిచి ఉంటుంది అనాల్నా? వెలుగుతుంది అంటే ఆడోళ్ళు ఏడుస్తారు. నిలిచి ఉంటుంది అంటే మాటకు బరువు ఉంటాది."

తాత గిన్నె దించి, పెద్ద స్టీలు గ్లాసు తీసుకుని అంచు దాకా టీ పోశాడు.

"చెయ్యి చాపు."

మద్దిలేటి కాగితాలు ఎడమ చేతిలోకి మార్చుకుని కుడి చెయ్యి చాపాడు. తాత ఆ అరచేతిలో గ్లాసు పెట్టి, వేళ్ళు దాని చుట్టూ మూయించాడు.

"నేను చెప్పేదాకా కింద పెట్టద్దు."

గురువు మాట. మద్దిలేటి పట్టుకున్నాడు. ఏదో పరీక్ష అనుకున్నాడు. మొదట వేడి తెలిసింది. తర్వాత మంట తెలిసింది.

"తాతా, కాలుతాంది."

తాత ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చేతిని మైకు పట్టుకున్నట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు. మద్దిలేటి గొంతులోనే, మద్దిలేటి సాగదీసినట్టే సాగదీసి మొదలుపెట్టాడు.

"మా మద్దిలేటి ఎన్నడూ మాట తూలి ఎరుగడు..."

"తాతా, నిజంగానే కాలుతాంది!"

"చెయ్యి కాలినా అమ్మా అని ఎరుగడు. ఎంత మంటైనా కంట నీరు పెట్టి ఎరుగడు."

"గ్లాసు తీసుకో తాతా!"

"ఆహా, ఏమి శిష్యుడు! చిరునవ్వుతో..."

"తాతా!"

"భూదేవంత ఓర్పు!"

మద్దిలేటి గ్లాసును విసిరికొట్టాడు. అది రాతికి తగిలి దొర్లుకుంటూ పోయింది. టీ అంతా మట్టిలో ఇంకింది. పదేళ్ళ శిష్యరికంలో గురువు మీద ఒక్కసారి కూడా గొంతెత్తని మనిషి లేచి నిలబడి అరిచాడు.

"ఏం మనిషివి తాతా నువ్వు! ఒకపక్క నా చెయ్యి కాలుతాంటే, గ్లాసు తీసుకునేది లేదు, ఎదురుగా కూచోని పొగుడుతావా? సిగ్గు లేదా?"

తాత లేచి కడవ తెచ్చాడు. మద్దిలేటి చెయ్యి పట్టుకుని చల్లటి నీళ్ళు పోశాడు. ఆయన మొహంలో నవ్వు లేదు.

"మా అమ్మ పోయిన నలభై దినాల నాడు గూడ ఒకడు ఇదే మాట చెప్పినాడు," అన్నాడు. "నేను తలూపినాను."

పాత గుడ్డ తడిపి చేతికి చుట్టాడు.

మద్దిలేటి గుట్ట దిగుతూ సగంలో ఒక బండ మీద కూర్చుండిపోయాడు.

నాలుగు నెలల కింద అక్క ఒక సంచి పట్టుకుని తన ఇంటికి వచ్చింది. ఎవరూ పిలవకుండా వచ్చింది. "తమ్ముడా, నాలుగు దినాలు ఈడ పండుకోని పోతాను రా, ఎదలో ఎట్లనో ఉండాది" అంది. బావ ఏమనుకుంటాడో, ఆడ వంట ఎవరు చేస్తారో అని తమ్ముడు భయపడ్డాడు. సాయంత్రం తనే బస్సు ఎక్కించాడు. కిటికీ దగ్గర నిలబడి, "నీ అంత ఓర్పు ఎవరికుందక్కా" అన్నాడు. అని, భలే మాట అన్నానని లోపల సంతోషపడ్డాడు కూడా. అక్క అతని మొహంలోకి చూసింది. తర్వాత ముందు సీటు వైపు చూస్తూ కూర్చుంది. బస్సు కదిలింది.

ఆ మాట అన్న నోటిని అతను ఇప్పుడు ఏం చేసుకోవాలి?

జేబులోని మూడు పేజీలు తీసి చించాడు. కాలిన చేత్తో చించడం కష్టమయింది. అయినా చించాడు.

మర్నాడు షామియానా నిండింది. ఇంటి ముందర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద సహనశీలి, త్యాగమూర్తి అని రంగుల అక్షరాలు. సుంకులమ్మ ఒక్కతే దిగిన ఫోటో ఆ ఇంట్లో ఎంత వెతికినా దొరకలేదు. ఎవరి పెండ్లిలోనో వడ్డిస్తుండగా పడిన ఫోటోలోంచి మొహం మాత్రం కత్తిరించి వేయించారు. ఇరవై ఏళ్ళు ఒక ఇంటికి వండిపెట్టిన మనిషికి ఆ ఇల్లు దాచుకున్న గుర్తు అది.

శశికళ మజ్జిగ బకెట్టు పట్టుకుని వరసల మధ్య తిరుగుతోంది. తల్లి దివసాల నాడు ఆ పిల్లకు బకెట్టు ఎవరిచ్చారో తెలియదు. ఎవరో ఒకరు ఇస్తారు. చిన్నమ్మలు ఇద్దరూ కుర్చీల్లో కూర్చునే ఉన్నారు.

"చూడమ్మా, ఒక్క చుక్క కన్నీరు పెట్టలా. అచ్చం వాళ్ళమ్మే," అని ఒకామె మెచ్చుకుంది. "ఇంగ ఆ ఇంటికి భయం లే," అంది ఇంకొకామె.

దస్తగిరి తాత ఎప్పుడు వచ్చాడో, ఆఖరి వరసలో చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ముందు వరసలోంచి రామాంజులు సైగ చేశాడు. కానీయ్ మద్దిలేటీ, అని.

మద్దిలేటి మైకు తీసుకున్నాడు. చేతికి గుడ్డ అలాగే ఉంది. కాగితం లేదు.

"మా అక్కకు ఓర్పు లేదు," అన్నాడు.

మజ్జిగ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించారు. మైకు సెట్టు కుర్రవాడు వైర్లు సరిచూసుకున్నాడు.

"అసలే లేదు. చిన్నప్పుడు సీతాఫలాలు మాగేదాకా ఆగేది కాదు. పచ్చివే పగలగొట్టి, వగరు తగిలి ఉమ్మేసేది. మళ్ళీ ఇంకోటి పగలగొట్టేది. కొళాయి కాడ వరస తప్పించి బిందె పెడితే జుట్టు పట్టుకునేది. మా నాయన నన్ను బెల్టుతో కొడతాంటే ఆ బెల్టు లాక్కోని బావిలో పారేసింది. రెండు చెంపలూ వాచినా యాడ పారేసిందో చెప్పలా. మా ఈదిలో మా అక్క గొంతంటే మగోళ్ళకు గూడ భయం."

వెనక ఒక ముసలామె నవ్వింది. "నిజమేరప్పా, గయ్యాళిది," అంది. అంటూనే కళ్ళు తుడుచుకుంది.

"ఎనిమిదో తరగతిలో చదువు మాన్పిస్తామంటే తలుపేసుకోని అన్నం తినకుండా కూచునింది. అయినా మాన్పించినారు. ఎందుకంటే నన్ను సాకల్ల. ఈ పొద్దు నేను మైకు పట్టుకోని నాలుగు ముక్కలు మాట్లాడతాండానంటే, అది ఆయమ్మ కాడ పెరుక్కున్న చదువు."

రామాంజులు లేచి నిలబడ్డాడు. "ఏం మద్దిలేటీ, దివసాల నాడు మాట్లాడే మాటలేనా ఇవి?"

"కాదు బావా. బతికున్నప్పుడు మాట్లాడాల్సిన మాటలు. ఆలస్యమయింది."

"దిగు ముందు."

"దిగుతా. ఎద నొప్పి అనింది, మీరు సోడా తాపినారు. నా ఇంటికి వచ్చింది, నేను బస్సు ఎక్కించినా. మీకంటే నేనేం మంచోణ్ణి కాదు. కానీ దాన్ని ఓర్పు అనద్దండి. యాడికీ పోయేదానికి చోటు లేక ఆయమ్మ మీ ఇంట్లో ఉండిపోయింది. ఆ చోటు ఇయ్యాల్సినోణ్ణి నేను. ఇయ్యలా."

వేల మందిని ఏడిపించిన ఆ గొంతుకు ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దించాలో ఇప్పుడు తెలియలేదు. అరుపులాగా వచ్చింది.

"శశీ! ఆ బకెట్టు కింద పెట్టు."

ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. మేనమామ వైపు చూసింది. బకెట్టు పట్టుకునే నిలబడింది.

"కింద పెట్టమ్మా. రేపు పొద్దున బస్సుకు నువ్వు కాలేజీకి పోతాండావు. సెలవులొస్తే మా ఇంటికి రా. మీ అత్త ఆడనే కూచోనుంది, కావాలంటే అడుగు."

మద్దిలేటి భార్య లక్ష్మీదేవి ఆడవాళ్ళ మధ్యలోంచి లేచింది. ఆమె మైకులో ఎన్నడూ మాట్లాడలేదు. మైకు అవసరం లేకుండానే అంది. "రా పాపా. నాలుగు దినాలు కాదు, ఎన్ని దినాలైనా."

"మరి మా అమ్మకు ఎవరు చేస్తారు?" అన్నాడు రామాంజులు.

"నువ్వుండావు బావా. నీ తమ్ముళ్ళు ఇద్దరుండారు. ముగ్గురు కొడుకులు. ముగ్గురికీ చేతులుండాయి."

శశికళ బకెట్టు కింద పెట్టింది. అక్కడే మట్టిలో కూలబడి, అమ్మా అని గొంతెత్తి ఏడ్చింది. పొద్దుటి నుంచి ఆమెను మెచ్చుకున్నవాళ్ళు ఇప్పుడు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. లక్ష్మీదేవి పోయి పక్కన కూర్చుంది. ఏడవద్దని మాత్రం అనలేదు.

షామియానా కింద గోల లేచింది. తినకుండా పోతామని కొందరు చెప్పులు వెతుక్కున్నారు. మద్దిలేటి మైకు బల్ల మీద పెట్టి ఒక పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఎవరూ అతని దగ్గరికి రాలేదు. ఇక మీద ఎవరి దివసాలకూ పిలుపు రాదని అతనికి తెలుసు.

రామాంజులు పెదనాయన ఒకడు కండువా దులుపుకుంటూ నేరుగా ఆఖరి వరసకు పోయాడు.

"ఏం తాతా, ఇదేనా నీ శిష్యునికి నేర్పించింది? చచ్చినామె గురించి ఒక్క మంచి మాట చెప్పకుండా పాయ!"

దస్తగిరి తాత కర్ర మీద భారం వేసి మెల్లగా లేచాడు.

"చచ్చినామె ఇంగ వినదప్పా," అన్నాడు. "వినే పిల్ల కోసం చెప్పినాడు."